ముందు పిల్ల, తర్వాత తల్లి

జర్మనీలో, జీగెన్ దగ్గర కొండల్లో ఉన్న మా మేనమామ ఇల్లు ఖాళీ చేయడానికి మొన్న అత్తకు సాయం వెళ్లాను. సాయమన్నది పేరుకే. నన్ను పంపింది మా అమ్మ. హైదరాబాద్‌లో మా తమ్ముడింట్లో పడక్కుర్చీలో కూర్చుని, ఫోను చేత్తో పట్టుకుని, ప్రపంచంలో ఉన్న చుట్టాలందరినీ ఏలే మనిషి ఆమె. ఆమెకు ఒక్కడే తమ్ముడు, నర్సింగం మామ. పోయిన చలికాలం తలలో నరం చిట్లి పడిపోయాడు. గొట్టంలోంచి ఊపిరి, గొట్టంలోంచి తిండి. ఇక లేవడని డాక్టర్లు చెప్పారు. గొట్టాలు తీసేయమని భారతత్త చెప్పింది. అంతే, ఆనాటినుంచి మా అమ్మ ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. "ఊపిరున్నోణ్ణి సంపింది గదనే! కట్టుకున్నది గట్ల జేస్తదా? అడుగు, ఎందుకు జేసిందో దాని నోటితోనే చెప్పమను" అని నా ప్రాణం తోడేసింది. నేనుండే ఎర్లాంగెన్‌లో రైలెక్కినప్పటినుంచీ ఆ ప్రశ్నను ఎలా అడగాలా అని నాలో నేనే వల్లెవేసుకుంటున్నాను. అటు అమ్మ, ఇటు అత్త. ఇద్దరూ నన్ను పెంచినవాళ్లే. ఎవరిని కాదనను?

ఆ రోజు గాలి దంచేస్తోంది. రైలు దిగి బస్సులో కొండెక్కుతుంటే నాకు దారి ఆనవాలు పట్టలేదు. నేనక్కడున్న రోజుల్లో ఆ కొండలన్నీ పగలే చీకటి పట్టేంత దట్టమైన స్ప్రూస్ అడవి. ఇప్పుడు పురుగు పట్టి చెట్లన్నీ చచ్చాయి, నరికేశారు, కొండలు బోడిగా మిగిలాయి. ఆపేవాళ్లు లేక గాలి తిన్నగా వచ్చి ఇళ్ల మీద పడుతోంది. అత్త తలుపు తీసింది. మనిషి సగమైంది గాని నోరు అలాగే ఉంది. "ఏమే, మీ అమ్మ అడగమన్నది ఇప్పుడే అడుగుతావా, కాఫీ తాగి అడుగుతావా?" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అప్పుడు చూశాను, ఆమె చెవులకున్న కమ్మల్ని. వెండి ఆకుల మధ్య పొదిగిన రెండు పళ్లు. మీగడ రంగు, చివర్న టీ మరకలాంటి గోధుమ మచ్చ. ఆడదుప్పి పళ్లవి. వేటగాళ్లు తమ ఆడవాళ్లకు అలాంటివి చేయించడం ఈ దేశంలో పాత అలవాటే. మనవాళ్లు పిల్లల మెళ్లో పులిగోరు వేయరూ? అయితే అత్త వాటిని నాకు తెలిసి ఎన్నడూ పెట్టుకోలేదు. ఆ పళ్లు ఏ నోట్లోవో నాకు తెలుసు. ఎన్నో ఏళ్ల కిందట, ఇలాంటిదే ఇంకో గాలిరోజున, నేనక్కడే ఉన్నాను.

యూనివర్సిటీలో చదువుకోవడానికి వచ్చిన కొత్తలో నేను మామ ఇంట్లోనే ఉండేదాన్ని. మామ ఆ చిన్న ఊరి ఆస్పత్రిలో సర్జన్. అత్త అపొతేకెలో, అంటే మందుల షాపులో పనిచేసేది. ఆమెది తెనాలి వైపు, మాది జగిత్యాల వైపు. వైద్యం చదివేటప్పుడు మామ ఆమెను చూసి, మా తాతతో నానా యుద్ధం చేసి పెళ్లాడాడు. ఇంట్లో అడుగుపెడితే మొదట తుపాకీకి రాసే నూనె వాసన, దాని మీద ఇంగువ తాలింపు, ఆ రెంటి కింద తడిసిన ఉన్నికోటు కంపు. వేటనుంచి వచ్చిన మామకు ముందుగుమ్మం లేదు. ఇంటి కిందున్న నేలమాళిగ, కెల్లర్, తలుపులోంచే రావాలి. బట్టలన్నీ అక్కడే విప్పి, బట్టలుతికే మెషీన్ పక్కన జాలీ మీద కూర్చుని, చావింటినుంచి వచ్చినవాడిలా తల మీంచి నీళ్లు పోసుకోవాలి. "ప్రాణం తీసి వచ్చారు. తలస్నానం కాకుండా నా స్టవ్ దగ్గరికి వస్తే కాళ్లిరగ్గొడతాను" అనేది అత్త. ఆ స్నానం అయిందా, ఇక పట్టింపేమీ లేదు. అదే దుప్పి మాంసాన్ని పెరుగులో నానబెట్టి, ధనియాలూ ఎండుమిర్చీ వేయించి దంచి, గిన్నె అడుగంటేదాకా వేపి వడ్డించేది. నేను ఎముక కూడా వదిలేదాన్ని కాదు.

మామది చేతి కోపం. ఆపరేషన్లో కత్తెర ఒకటి అడిగితే ఇంకొకటి ఇస్తే, అది గోడకు తగిలి నేల మీద పడేదని నర్సులు చెప్పుకునేవారు. ఇంట్లో చారులో ఉప్పు తగ్గితే గిన్నె ఎగిరేది. అత్త తొణక్కుండా ఆ గిన్నె తీసుకొచ్చి మళ్లీ ఆయన ముందే పెట్టి, "నేల మీద ఉప్పుంటుంది, నాకండి" అనేది. మామ మొహం చిన్నబుచ్చుకుని, కాసేపటికి తనే గుడ్డ తెచ్చి తుడిచేవాడు. ఇలాంటి మనిషి చేతికి తుపాకీ ఇచ్చినవాడు క్రెమర్. క్రెమర్‌కు మరలు చేసే ఫ్యాక్టరీ ఉండేది, ఆ చుట్టుపట్ల అడవిలో వేటాడే హక్కూ అతనిదే. పిడిగుద్దులాంటి మనిషి, గొంతు నగారా. అతని పిత్తాశయం మామ కోసి తీసి, అందులోని రాళ్లను సీసాలో వేసి ఇచ్చాడట. క్రెమర్ ఆ సీసాను ఆఫీసు బల్ల మీద పెట్టుకుని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. ఆ స్నేహంతో మామను వేటకు పిలిచాడు, వేట లైసెన్సు పరీక్ష రాయించాడు, తుపాకీ కొనిపించాడు. ఆ గుంపులో మామ ఒక్కడే మనవాడు. అందుకని ఏ నియమంలోనూ వెంట్రుకవాసి తేడా రానిచ్చేవాడు కాదు. గురి తప్పడు, తొందరపడడు, గీత దాటడు. ఆస్పత్రిలో చూపించే కోపం అడవిలో ఏమయ్యేదో నాకు అర్థమయ్యేది కాదు.

చలికాలం మొదట్లో పెద్ద వేట ఉంటుంది. కొందరు మంచెల మీద తుపాకీలతో కూర్చుంటారు, కొందరు కర్రలతో అరుస్తూ పొదల్లోంచి జంతువులను తోలుతారు. ఆ ఏడాది తోలేవాళ్లలో నేనూ చేరాను. మాకు కొత్త పనా? మక్కచేలో పడ్డ అడవిపందులను డబ్బాలు కొట్టి తరిమిన ఇల్లు మాది. అమ్మా, మామా చిన్నప్పుడు ఒకే మంచె మీద కూర్చుని గొంతులు పోయేలా అరిచినవాళ్లే. ఆ పొద్దున గాలి ఎంతుందంటే చెట్ల కొమ్మలు విరిగి దారిలో పడుతున్నాయి. ఇలాంటి రోజున మానుకోవడమే మంచిదని ఒకరిద్దరు గొణిగారు. దూరంనుంచి అతిథులు వచ్చారు, మానేది లేదన్నాడు క్రెమర్. చుట్టూ నిలబెట్టి నియమాలు చెప్పాడు. గాలిలో దుప్పులకు చెవులు పనిచేయవు, ముక్కు పనిచేయదు, భయంతో పొదల్లో నక్కుతాయి, కాలు తగిలేదాకా లేవవు, లేస్తే వెర్రిగా లేస్తాయి, జాగ్రత్త అన్నాడు. తర్వాత వేలెత్తి అందరినీ ఒక్కొక్కరినే చూస్తూ అసలు నియమం చెప్పాడు. ఒంటరిగా వచ్చిన ఆడదుప్పిని ముట్టుకోవద్దు, దాని పిల్ల వెనక ఎక్కడో ఉంటుంది. తల్లీపిల్లా కలిసి వస్తే ముందు పిల్లను కొట్టండి, తర్వాతే తల్లిని. మామ నాకది తెలుగులో చెప్పాడు. "ఛీ, ఇదేం నియమం మామా! తల్లి కండ్ల ముంగట పిల్లనా?" అన్నాను. "నియమం నియమమే. నువ్వు కర్ర గట్టిగ పట్టుకో" అని మంచె వైపు నడిచాడు.

మా వరస పొదల్లో దిగింది. పక్కవాడి కేక పక్కవాడికి వినపడలేదు. నేను మక్కచేలోలా "హోయ్, హోయ్" అని అరుస్తూ కొమ్మల్ని బాదుకుంటూ పోతున్నాను. పైన చెట్లు కిర్రుమని ఒరుసుకుంటున్నాయి, సూదుల్లాంటి ఆకులు కళ్లలో పడుతున్నాయి. చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో నేల లేచింది. నిజంగా నేలే లేచిందనుకున్నాను. మన చుక్కల దుప్పి కంటే చాలా పెద్దది, ఎర్రమట్టి రంగు ఒళ్లు, తెల్లగుడ్లు తేలేసిన కళ్లు. దాని తొడకు ఆనుకుని పిల్ల. పిల్ల అంటే చిన్నదేం కాదు, మేకపోతంత ఉంది. నన్ను రాసుకుంటూ పోయాయి. వేడి, బురద, భయపడ్డ జంతువు కంపు నా ముక్కుకు కొట్టింది. అవి పరుగెత్తింది మామ మంచె వైపే. పొద అంచున తల్లి ఆగి వెనక్కి తిరిగింది. పిల్ల ముందుకొచ్చి అడ్డంగా, కదలకుండా, ఆరుబయట నిలబడింది. కొమ్మల సందులోంచి నాకు మామ కనిపిస్తున్నాడు. తుపాకీ పిల్ల మీద ఆగింది. ఆగి, ఆగి, మెల్లగా పక్కకు జరిగింది. జరిగి తల్లి మీదికి పోయింది.

పేలింది. దుప్పి కాళ్లు గాల్లోకి లేచి, వీపు వంగిపోయింది. గుండు కడుపులో దిగింది. గురి తప్పని మనిషి గురి ఆ క్షణంలో తప్పింది. మళ్లీ పేలింది. ఈసారి నడుము విరిగింది. వెనక కాళ్లు చచ్చుబడి, ముందు కాళ్లతో నేలను గీరుకుంటూ అది వాగు వైపు పాకింది. పేగు ఒకటి బయటికొచ్చి ముళ్లకంపకు చిక్కుకుని సాగింది. నేను కర్ర పడేసి నోరు మూసుకున్నాను. మామ మంచె దిగి పరుగున వచ్చి, దగ్గర్నుంచి మెడలో కాల్చాడు. దాని తల నీళ్లలో పడింది, వాగు కొంతదూరం ఎర్రబడింది. పిల్ల ఎటు పోయిందో గాలికే తెలియాలి.

వేట ముగిశాక చచ్చినవాటిని స్ప్రూస్ కొమ్మలు పరిచి వరసగా పడుకోబెట్టారు. ప్రతిదాని నోట్లో ఒక ఆకుకొమ్మ పెడతారు, ఆఖరి ముద్ద అంటారు. మనవాళ్లు పోయేవాళ్ల నోట్లో తులసినీళ్లు పోసినట్టే ఉంటుంది. చంపినవాడి టోపీకి రక్తంలో తడిపిన చిన్న కొమ్మ గుచ్చుతారు. మామ టోపీకి క్రెమరే గుచ్చి, చెయ్యి కలిపి, మెచ్చుకుని, ఆ దుప్పిని శుభ్రం చేయడానికి తనే వంగాడు. కత్తి పొట్ట వెంట పోయింది. వెనక కాళ్ల మధ్య పొదుగు తెగగానే, ఆ రక్తంలోంచి తెల్లటి పాలు కారాయి. క్రెమర్ చేతి మీదుగా, గడియారం మీదుగా కారి నేల మీద పడ్డాయి. అతను అలా వంగే ఉండిపోయాడు. "పిల్లేది?" అన్నాడు. మామ తుపాకీ పట్టీ సవరించుకున్నాడు. గాలికి మామకు ఏమీ కనపడలేదనుకున్నాడో ఏమో, పక్కనున్న అతిథి ఒకాయన "గాలిలో విడిపోయి ఉంటుందిలే" అని సర్దబోయాడు. నాకప్పటికి జర్మన్ అంతంతమాత్రం గాని ఆ మాట అర్థమైంది. నా నోరు ఆగలేదు. "పిల్ల ఉండె మామా. నేను చూసిన. నువ్వు సుత చూసినవ్" అన్నాను, తెలుగులోనే. "ఆ అమ్మాయి ఏమంటోంది?" అన్నాడు క్రెమర్. ఆ గుంపులో నా మాట వాళ్లకు చెప్పగలవాడు మామ ఒక్కడే. ఏం చెప్పినా చెల్లేది. మామ నా వైపు చూశాడు, తర్వాత నేల మీది పాల వైపు చూశాడు. "పిల్ల ఉందంటోంది. నిజమే. పిల్ల ఎదురుగా నిలబడింది. నేనే కొట్టలేదు. తల్లి చూస్తుండగా పిల్లను ఎలా కొడతాను? మా వైపు ఎవరూ కొట్టరు" అన్నాడు.

క్రెమర్ మొహం జేవురించింది. మామ టోపీ ఊడబెరికి, అందులోని కొమ్మను తుంచి బురదలో తొక్కాడు. "జాలా? ఇది జాలా? తల్లి లేని పిల్లను మంద దగ్గరికి రానీదు. గిట్టలతో తన్ని తరుముతుంది. అది ఈ పొదల చుట్టే తిరుగుతూ మంచు పడేదాకా చిక్కిచిక్కి చస్తుంది. దాన్నీ నువ్వే చంపావు డాక్టర్, మెల్లగా, నెలల తరబడి!" అని అరిచాడు. మామ చెయ్యి లేచింది. క్రెమర్ చెంప పేలింది. ఆ పెద్ద మనిషి తూలి, దుప్పి మీద పడి, ఆ పేగుల్లో చెయ్యి ఊని లేచాడు. నలుగురూ మధ్యలో పడ్డారు. మామను పట్టుకోవడం ముగ్గురి వల్ల కాలేదు. నేను "మామా, వద్దు మామా" అని కోటు పట్టుకుని వేలాడాను. క్రెమర్ మాత్రం తిరిగి కొట్టలేదు. పెదవి చిట్లి రక్తం కారుతుంటే, అది తుడుచుకోకుండానే మెల్లగా అన్నాడు. "ఇంకా కొట్టు. నన్ను కొడితే పిల్ల బతుకుతుందా? అది అక్కడే ఉంది. తల్లిని చివరిసారి చూసిన చోటికే వస్తుంది. రేపు వెళ్లి నువ్వు మొదలుపెట్టింది నువ్వే ముగించు." మామ చేతులు అప్పుడు కిందికి వాలాయి.

ఆ సాయంత్రం కెల్లర్‌లో స్నానమయ్యాక కూడా మామ పైకి రాలేదు. అత్తకు సంగతంతా నేనే చెప్పాను. ఆమె ఎవరి పక్షమో నాకు అనుమానమే లేదు. వేటంటే గిట్టని మనిషి, పిల్లను వదిలిపెట్టినందుకు సంతోషిస్తుందనుకున్నాను. ఆమె చేతిలో గరిటె పట్టుకునే కిందికి దిగింది. "పాపమనిపించిందా? పాపమనిపిస్తే తుపాకీ దించి ఇంటికి రావాలి. పిల్ల మీద జాలిపడి తల్లిని చంపుతారా? ఇప్పుడు దానికి పాలెవరిస్తారు, మీరిస్తారా? జాలి మీకు సుఖంగా ఉందండీ, దానికి కాదు" అంది. మామ అక్కడున్న ఊరగాయ జాడీని ఎత్తి గోడకు కొట్టాడు. ఆవకాయ గోడంతా కారింది. అత్త కదల్లేదు. మర్నాడు పొద్దున తనే ఆయన కోటు తెచ్చి ఇచ్చింది. నన్ను వంటింట్లోకి లాగి, "నువ్వూ వెళ్లు. ఒక్కడే తుపాకీతో కూర్చుంటే నాకు భయంగా ఉంది" అంది. ఆమె నోట భయమన్న మాట వినడం నాకు అదే మొదలు.

గాలి నిన్నటికంటే ఇంకా పెరిగింది. వాగు పైనున్న ఎత్తు మంచె మీద ఇద్దరం కూర్చున్నాం. మంచె మొత్తం ఊగుతోంది, కింద కట్టెలు మూలుగుతున్నాయి. మామ వాగు మీంచి కళ్లు తిప్పలేదు. నేను తెచ్చిన రొట్టె అలాగే గడ్డకట్టింది. పొద్దు వాలబోతుండగా అది వచ్చింది. నిన్నటిలా నిటారుగా లేదు, తల వేలాడేసుకుని వచ్చింది. తల్లి పడిన చోట వాగు ఒడ్డున రక్తం ఎండి నల్లబడి ఉంటే అక్కడ మూతి పెట్టింది. వాసన చూసి, మెడ చాచి పిలిచింది. ముక్కుతో తీసే సన్నటి కూత. గాలి ఆ కూతను తుంపులు తుంపులుగా మా దగ్గరికి తెచ్చింది. మళ్లీ పిలిచి, చెవులు నిక్కబొడిచి, జవాబు కోసం ఆగింది. మామ తుపాకీ ఎత్తాడు. "నర్సింగం మామా" అన్నాను. ఎందుకన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. ఆపమనా, కానిమ్మనా? మంచె ఊగింది. పేలింది.

ముందుకాళ్లు రెండూ మోకాళ్ల దగ్గర విరిగాయి. అప్పుడు అరిచింది. దేవుడా, ఆ అరుపు! పసిబిడ్డను నూతిలో పడేస్తే అలా అరుస్తుందేమో. మొండికాళ్లు నేలకు పొడుచుకుంటూ గుండ్రంగా తిరిగింది, తిరుగుతూ అరిచింది. మళ్లీ కాల్చబోతే తుపాకీలో తూటా ఇరుక్కుంది. మామ దాన్ని విసిరేసి నిచ్చెన మీంచి జారి, సగంలోంచి కిందికి దూకి, కుంటుకుంటూ పరుగెత్తాడు. పిల్ల మీద పడ్డాడు. అది తన్నింది, గిట్ట తగిలి ఆయన నుదురు చీలింది. మోకాలితో మెడ నొక్కిపట్టి కత్తి దించాడు. ఎముకకు తగిలింది. మళ్లీ దించాడు. కళ్లు మూసుకుని మనిషి కడుపులో రాయిని వెతికి తీసే చేతికి గుండె ఎక్కడుందో దొరకలేదు. అది అరుస్తూనే ఉంది. "చచ్చిపోవే, చచ్చిపో నా తల్లీ, చచ్చిపో" అని మామ దాని చెవిలో ఏడుస్తూ, పొడుస్తూ, ఏడుస్తూ. నేను నిచ్చెన దిగి, చెవులు మూసుకుని మంచె కిందే కూలబడ్డాను. చాలాసేపటికి గాలి చప్పుడొక్కటే మిగిలింది. చూస్తే, మామ ఒక స్ప్రూస్ కొమ్మ తుంచి, ఆ చిన్న నోరు తెరిచి లోపల పెడుతున్నాడు. అది జారిపోతోంది. పెడుతున్నాడు, జారిపోతోంది. నేను వెళ్లి దవడ పట్టుకున్నాను.

ఆ సాయంత్రం కెల్లర్‌లో మామకు నీళ్లు అత్తే పోసింది. నేను తువ్వాలు పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాను. జాలీలోకి పోయే నీళ్లు ఎంతసేపటికీ తేటపడలేదు. మామ తలవంచుకుని, "భారతీ, నా వంతు వచ్చినప్పుడు నా మీద గిసొంటి జాలి చూపకు. నన్ను మెల్లగ సావనియ్యకు. మాటియ్యి" అన్నాడు. అత్త చెంబు ఆపింది. "మాటే" అంది. మళ్లీ పోసింది. తర్వాత క్రెమర్ తల్లిదుప్పి పళ్లు రెండూ ఒక అగ్గిపెట్టెలో పెట్టి పంపించాడు, చీటీ లేదు, మాట లేదు. అత్త వాటిని కంసాలి దగ్గరికి తీసుకెళ్లి కమ్మలు చేయించి దాచింది. మామ వేట మానలేదు. అదే నాకు మింగుడుపడేది కాదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు వెళ్లాడు, గాలి రోజున మాత్రం వెళ్లలేదు. ముందు పిల్లను, తర్వాతే తల్లిని, ఒక్కొక్క దెబ్బతో. ఇంట్లో గిన్నెలు ఎగరడం మాత్రం ఆగిపోయింది. ఉప్పు తగ్గితే లేచి తనే వేసుకునేవాడు.

ఇప్పుడు ఆ కెల్లర్ గోడ మీద ఆవకాయ మరక సున్నం కింద లేత పసుపుగా ఇంకా కనబడుతోంది. తుపాకీలు ఆఫీసువాళ్లు వచ్చి తీసుకుపోయారు. అడవి లేదు, క్రెమర్ లేడు, మామ లేడు. ఆ రోజుల్లో చావు మన చేతుల్లో వెచ్చగా, కంపు కొడుతూ, అరుస్తూ ఉండేది. ఇప్పుడు తెల్లటి గదిలో, ఎవరూ అరవకుండా, మెషీన్ మీద గీతల్లో జరిగిపోతుంది. అందుకే కాబోలు దూరాన ఉన్నవాళ్లకు అది నేరంలా కనిపిస్తుంది. "గొట్టాలు తీయమని చెప్పిన రోజు ఆస్పత్రికి ఈ కమ్మలు పెట్టుకునే వెళ్లాను. లేకపోతే నా నోట మాట వచ్చేది కాదే రాజీ. గుండె జారిపోయినప్పుడల్లా చెవి తడుముకున్నాను. అప్పటినుంచి తీయలేదు" అంది అత్త. నాకు ఇక అడిగేదేమీ లేదు. ఫోను తీసి అమ్మకు వీడియో కాల్ చేశాను. అత్త వద్దు వద్దని చేతులూపింది. నేను వినలేదు, ఫోను ఆమె చేతిలో కుక్కాను.

అమ్మ తెర మీద మొహం తిప్పుకుంది. తిప్పుకుని కూడా ఓరకంట చూసింది. "ఆ చెవులకు ఏంది గది?" అంది, నాతో అన్నట్టుగా. అత్త చెప్పడం మొదలుపెట్టింది. గాలి, పాలు, ఆవకాయ జాడీ, అగ్గిపెట్టె, చెంబు ఆపి ఇచ్చిన మాట, అన్నీ చెప్పింది. బయట షట్టర్లు టపటపా కొట్టుకుంటున్నాయి. అమ్మ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు, అది ఆమె జీవితంలోనే వింత. అంతా అయ్యాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ పిల్ల బాగ అరిసిందా?" అంది చివరికి.

"అరిచింది వదినా. చాలాసేపు అరిచిందట."

"మరి నా తమ్ముడు?"

అత్త చెవి తడుముకుంది.

"అరవలేదు వదినా. ఆయన చెయ్యి నా చేతిలోనే ఉంది. ఒక్కసారి కూడా అరవలేదు."